లెక్కల్లో ముందున్న పిల్లాడికి ఏం ఇవ్వాలి?

ప్రశ్న: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. ఐదో తరగతి చదివే మా బాబు ఏడో తరగతి లెక్కలు కూడా చేసేస్తున్నాడు. క్లాసులో విసుగు. అబాకస్‌లో చేర్పించమంటారా, ఎనిమిదో తరగతి పుస్తకం కొనమంటారా?
– ఒక తల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. అబాకస్‌తో కూడికలు, గుణకారాలు వేగంగా వస్తాయి, కానీ ఆలోచన లోతు పెరగదు. పై తరగతి పుస్తకం ఇప్పుడే ముగిస్తే వచ్చే ఏడు విసుగు రెట్టింపవుతుంది. బాబుకు కావలసింది తేలిగ్గా లొంగని లెక్క.

ఒకటి చూడండి. చదరంగం బోర్డులో 64 గళ్లు. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్లో ఒక్కో గడి తీసేస్తే 62. ఒక్కోటి రెండు పక్క గళ్లు కప్పే 31 అట్టముక్కలతో వాటిని నింపగలమా? అట్టలు కత్తిరించి ఇవ్వండి. కుదరదు. ఎందుకో వాడే చెప్పాలి: తీసిన గళ్లు రెండూ ఒకే రంగువి, మిగిలినవి ఒక రంగువి 32, రెండో రంగువి 30, ప్రతి ముక్కకూ రెండు రంగులూ ఒక్కోటి కావాలి. వారం పట్టినా పట్టనివ్వండి. ఐదు నిమిషాలకే పెద్దవాళ్లు జవాబు చెప్పేయడంతోనే చాలా ఇళ్లలో పని చెడుతుంది.

వారానికి మూడు రోజులు, అరగంట, రెండు లెక్కలు చాలు. జవాబుతోపాటు కారణం కూడా రాయించండి.

మీ ఊళ్లోనే ఉన్న భారత గణిత ఉపాధ్యాయుల సంఘం జరిపే ఎన్‌ఎంటీసీ (జాతీయ గణిత ప్రతిభా పోటీ)లో 5, 6 తరగతులకు వేరే స్థాయి ఉంది. గణిత ఒలింపియాడ్‌కు తొలి మెట్టయిన అర్హత పరీక్ష ఐఓక్యూఎం ఎనిమిదో తరగతిలో చూసుకోవచ్చు.