వైమరానర్ కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటున్న మా నానీకి

నానీ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినవన్నీ తిండి గురించే. ఏ డ్రై ఫుడ్ కొనాలి, గుడ్డు ఎప్పటినుంచి పెట్టాలి, రాగి జావ మంచిదేనా అని. వాటికి జవాబులు కింద రాస్తాను. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యం. మీరిద్దరూ ఆఫీసుకి వెళ్లే రోజుల్లో పిల్ల దగ్గర ఎవరుంటారు?

వైమరానర్‌తో అసలు పని అక్కడే ఉంది. ఇంట్లో రెండు వైమరానర్లను పెంచిన దాన్ని కాబట్టి చెబుతున్నాను. తిండి పెట్టడం, పరిగెత్తించడం నేర్చుకుంటే వచ్చేస్తాయి. దాన్ని ఒంటరిగా వదలకుండా రోజును అమర్చుకోవడమే కష్టం. ఈ జాతి జర్మనీలో వైమార్ ప్రాంతంలో పుట్టింది. మొదట్లో జింకలు, అడవి పందుల్లాంటి పెద్ద వేటకి, తర్వాత పిట్టల వేటకి వాడారు. మనిషి పక్కనే నడుస్తూ అతని మొహం చూసి పని చేసే కుక్క కావాలని తరతరాలుగా ఎంచి పెంచారు. అందుకే ఇది పెరట్లో కట్టేస్తే కాపలా కాసే రకం కాదు. నువ్వు వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, బాత్రూంకి వెళితే తలుపు దాకా వస్తుంది. ఆ వెండి రంగు, ఆ కళ్లు చూసి ముచ్చటపడి తెచ్చుకున్న వాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే ఎవరికైనా ఇచ్చేద్దామని వెతకడం ఈ బెంగళూరులోనే చూశాను. కుక్కలో లోపమేమీ లేదు. ఉదయం తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి తీసే ఇంట్లో అది బతకలేదు, అంతే.

కాబట్టి ముందు మీ ఇద్దరి ఆఫీసు రోజులు వేర్వేరుగా పెట్టుకోండి. కుదరని రోజుకి డాగ్ వాకర్‌నో, పగటి పూట చూసుకునే డే కేర్‌నో ఇప్పుడే మాట్లాడుకోండి. పిల్ల వచ్చాక వెతుకుదాం అనుకోవద్దు. రెండు మూడు నెలల పిల్ల మూడు నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. మొదటి నెల మీ అమ్మ వచ్చి ఉంటానందట, చాలా మంచిది. కానీ ఆ నెల పొడుగునా ఎవరో ఒకరు పక్కనే ఉండి, ఆవిడ ఊరెళ్లిన మర్నాడు ఒక్కసారిగా ఒంటరిగా వదిలేస్తే దానికి పిచ్చెక్కుతుంది. మొదటి వారం నుంచే ఒంటరితనాన్ని కొంచెం కొంచెంగా నేర్పాలి. పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసి నిమిషం ఆగి రా. అది ఏడవకముందే రావాలి. తర్వాత ఐదు నిమిషాలు, పావుగంట. వెళ్లేటప్పుడు ముద్దులాడకు, వచ్చేటప్పుడు హడావుడి చెయ్యకు. వెళ్లే ముందు లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగు నింపి, ఫ్రీజర్లో గడ్డ కట్టించి ఇవ్వు. అది నాక్కుంటూ ఉండగా నువ్వు బయటికి వెళ్లడం మామూలు సంగతి అయిపోవాలి.

క్రేట్, అదే కుక్క పడుకునే బోను, కొంటానన్నావు, కొను. తలుపు తీసి ఉంచి, లోపల మెత్తటి పక్క వేసి, అన్నం కూడా అందులోనే పెట్టు. రాత్రి మీ మంచం పక్కనే ఉండాలి. తప్పు చేసిందని ఎప్పుడూ అందులో పెట్టి మూయకండి. అది దాని గది, జైలు కాదు.

ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు చెక్క కొరికినా, సోఫా చింపినా, ఇల్లంతా తడిపినా మీ మీద కక్షతో చేసిందనుకోవద్దు. భయపడి చేస్తుంది. వచ్చాక తిడితే, మీరు రావడం కూడా దానికి భయమే అవుతుంది. ఏమీ అనకుండా శుభ్రం చేసి, మర్నాడు వదిలే సమయం తగ్గించు.

ఇక తిండి. పిల్లను ఇచ్చేవాళ్లు ఇప్పుడు ఏం పెడుతున్నారో అదే ఒక వారం పెట్టు. మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కలుపుతూ వారం పది రోజుల్లో మార్చు, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ప్యాకెట్ మీద పెద్ద జాతి పిల్లల కోసమని రాసి ఉన్నదే తీసుకో. నాలుగు నెలల వరకు రోజుకి నాలుగు సార్లు, ఆరు నెలల వరకు మూడు సార్లు, ఆ తర్వాత జీవితాంతం రెండు పూటలు. ఒక్కపూటే పెట్టడం ఈ జాతికి అస్సలు పనికిరాదు. ఎందుకో కింద రాస్తాను.

కాల్షియం సిరప్ మాత్రం వద్దు. షాపువాడు ఇస్తాడు, తెలిసినవాళ్లు కూడా ఎముకలు గట్టిపడతాయని చెబుతారు. మంచి పప్పీ ఫుడ్‌లో కావలసినంత కాల్షియం ముందే ఉంటుంది. పెద్ద జాతి పిల్లల్లో అది ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి, కీళ్లు దెబ్బతింటాయి. బొద్దుగా ఉంటే ముద్దుగా ఉంటుందని కూడా అనుకోకు. వైమరానర్ సన్నగా, కండగా ఉండాలి. చేత్తో నిమిరితే పక్కటెముకలు తెలియాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. పెద్దయ్యాక మగదైతే 30 నుంచి 40 కిలోలు, ఆడదైతే 25 నుంచి 35 ఉంటుంది. ఆ బరువును మోసే కీళ్లు మొదటి ఏడాదిన్నరలోనే తయారవుతాయి.

ఇంటి వంట పెట్టాలనుకుంటే ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడి, క్యారెట్, కొంచెం అన్నం. రాగి జావ కొంచెమైతే పర్వాలేదు, అదే భోజనం కాకూడదు. మీ అమ్మ ప్రేమతో రోజూ పెరుగన్నమే పెడుతుంది, నాకు తెలుసు. చారెడు పెరుగన్నం తప్పు కాదు గానీ దాంతో ఈ కుక్కకి కండ పట్టదు, దీనికి మాంసకృత్తులు కావాలి. పాలు చాలా కుక్కలకి పడవు. ఉల్లి, వెల్లుల్లి రక్తాన్ని పాడుచేస్తాయి కాబట్టి సాంబారు అన్నం, పులుసు అన్నం వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలకి విషం. పండగ రోజు పరమాన్నం గిన్నె నాకనివ్వకండి. చాక్లెట్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ అందకుండా చూడండి. ఉడికించిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. వేసవిలో మనవాళ్లు మామిడి టెంక పడేస్తుంటారు చూడు, అది మింగితే పేగుకి అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది. సాక్సులూ అంతే. నోటితో పట్టుకు తిరగడం ఈ జాతి పుట్టుబుద్ధి, కాబట్టి నేల మీద ఏమీ వదలకండి.

ఇప్పుడు రాసేది మాత్రం కోడలి చేత కూడా చదివించు. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకి కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోయే ప్రమాదం ఉంటుంది. డాక్టర్లు జీడీవీ అంటారు. వైమరానర్లకి ఆ ముప్పు ఎక్కువ. పొట్ట డప్పులా బిగుస్తుంది, వాంతి చేసుకోబోతుంది గానీ ఏమీ రాదు, చొంగ కారుతుంది, ఒకచోట కూర్చోలేదు. ఇవి కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోవద్దు, కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే పిల్ల రాకముందే మీ కాడుగోడి వైపు రాత్రంతా తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో కనుక్కుని, ఒకసారి వెళ్లి దారి చూసి రండి. నంబర్ ఫ్రిజ్ మీద అంటించండి. ఆ ముప్పు తగ్గాలంటే రెండు పూటలా కొంచెం కొంచెం పెట్టాలి. గబగబా మింగకుండా లోపల మిట్టలున్న గిన్నె వాడాలి. తిండికి గంట ముందు, తిన్నాక గంట సేపు పరుగులు ఉండకూడదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే కడుపును లోపల గోడకి కుట్టేసే పద్ధతి కూడా ఉంది. దాని సంగతి డాక్టర్‌ని అడుగు. ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో కూడా ఆయన్నే అడుగు, పెద్ద జాతులకి తొందరపడరు.

టీకాల విషయంలో ఒక జాగ్రత్త. ఈ జాతి పిల్లల్లో కొన్నింటికి టీకా వేసిన కొద్ది రోజులకి తీవ్రమైన జ్వరం, కాళ్ల ఎముకల వాపు వస్తాయి. కాబట్టి అన్నీ ఒకే రోజు కాకుండా ఎడం ఇచ్చి వేయవచ్చేమో అడుగు. అంతేగానీ టీకాలు మానకూడదు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే పిల్ల దక్కడం కష్టం. నట్టల మందు కూడా డాక్టర్ చెప్పిన తేదీకే. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించకు. అలాగని ఇంట్లోనే మూసి పెట్టకు, ఎత్తుకుని తిప్పు. ఆటోల మోత, గొడుగులు, హెల్మెట్లు, చిన్నపిల్లలు, లిఫ్ట్ తలుపులు అన్నీ నీ చేతుల్లో ఉండి చూడాలి. మూడు నాలుగు నెలల వయసులోపు చూసిన వాటికి పెద్దయ్యాక అంతగా భయపడదు.

పెద్దయ్యాక రోజుకి కనీసం గంటన్నర, రెండు గంటల వ్యాయామం కావాలి. మెడకి పట్టీ కట్టి అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు చుట్లు తిప్పితే దీనికి చాలదు. కానీ ఏడాదిన్నర దాకా సైకిల్ వెంట, సిమెంటు రోడ్డు మీద పరిగెత్తించకు, మెట్ల మీంచి దూకనివ్వకు. అప్పటిదాకా మట్టి నేల మీద దాని ఇష్టం వచ్చినట్టు ఆడుకోవడం, ముక్కుతో వెతికే ఆటలు చాలు. టవల్ చుట్టలో చికెన్ ముక్కలు దాచి వెతకమను. పావుగంట వాసన పట్టే పని చేస్తే అది హాయిగా పడి నిద్రపోతుంది. మా కుక్క వెండి అయితే నా తాళంచెవులు ఎక్కడ పడేసినా తెచ్చి ఇచ్చేది.

పట్టీ విప్పడం మాత్రం కంచె ఉన్న చోటే. పిల్లినో ఉడతనో చూసిందంటే దానికి నీ గొంతు వినపడదు, ముందున్న రోడ్డు కనపడదు. కబ్బన్ పార్కులో కుక్కల కోసం విడిగా చోటుంది, టీకాలన్నీ అయ్యాక తీసుకెళ్లవచ్చు. పిలిస్తే రావడం ఇంట్లో మొదలుపెట్టు. తర్వాత పది మీటర్ల పొడుగు తాడుతో మైదానంలో నేర్పు. వచ్చిన ప్రతిసారీ చికెన్ ముక్క ఇవ్వు. స్నానానికో తిట్టడానికో ఆ మాటతో ఎప్పుడూ పిలవకు. ఆజ్ఞలు ఇంట్లో అందరూ ఒకే మాటతో చెప్పాలి. నువ్వు ‘సిట్’ అని, మీ అమ్మ ‘కూర్చో’ అని, కోడలు ఇంకోటి అంటే దానికి ఏమీ అర్థం కాదు. చెయ్యి ఎత్తకు. ఇది చాలా సున్నితమైన కుక్క, ఒక్క దెబ్బ కొట్టినా రోజుల తరబడి దగ్గరికి రాదు. కొరికే వయసులో చేతికి బదులు బొమ్మ అందివ్వు, వేళ్లు పట్టుకుంటే ఆట ఆపేసి లేచి వెళ్లు.

మన ఊళ్లో పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. టిక్ ఫీవర్ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కలు ఇక్కడ లెక్కలేనన్ని. నెల నెలా మందు వాడు. వాకింగ్ నుంచి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో చూడు. దీనికి లోపలి బొచ్చు ఉండదు కాబట్టి డిసెంబరు రాత్రుళ్లు చలేస్తుంది, దాని పక్క బాల్కనీలో కాదు, గది లోపల ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం తారు రోడ్డు మీద నీ అరచెయ్యి ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కూడా ఉండలేవు, తెల్లవారుజామునే నడిపించు. దీపావళికి రెండు నెలల ముందు నుంచే ఫోన్లో టపాకాయల చప్పుడు చిన్నగా వినిపిస్తూ మంచి తిండి పెట్టు. వీధి కుక్కల గుంపు ఎదురొస్తే పరిగెత్తకుండా వేరే దారిలోకి తిరుగు.

అపార్ట్‌మెంట్ వాళ్లు ఏమంటారో అని టెన్షన్ పడుతున్నావు. కుక్కను ఉంచుకోవద్దని, లిఫ్ట్ వాడొద్దని అసోసియేషన్ నిషేధించడానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ కాగితం చూపించే అవసరం రాకుండా చూసుకో. లిఫ్ట్‌లో చిన్న పట్టీ, జేబులో ఎప్పుడూ కవర్లు, మలం వెంటనే తీసేయడం. రేబిస్ టీకా సర్టిఫికెట్‌తో నగరపాలక సంస్థ లైసెన్స్ కూడా తీసుకో.

ఆ పిల్ల తల్లిదండ్రులకి తుంటి ఎక్స్‌రే తీయించారా అని బ్రీడర్‌ని అడగడం మరిచిపోకు. తల్లిని చూపించనంటే ఆ పిల్లను తీసుకోవద్దు, అడ్వాన్స్ పోయినా సరే. ఎనిమిది వారాల లోపు పిల్లను ఇస్తానన్నా తీసుకోకు.

పిల్ల వచ్చే ఆదివారం నేను జయనగర్ నుంచి మెట్రోలో, మెజెస్టిక్‌లో మారి వచ్చేస్తాను. ఈలోపు బాల్కనీ కడ్డీలకి నెట్ కట్టించు, కరెంటు వైర్లు గోడ మీదికి ఎత్తించు, ఫినాయిల్ సీసాలు పై అరలో పెట్టు. నీ ఆఫీసు రోజులేవో, కోడలి రోజులేవో ఒక కాగితం మీద రాసి ఉంచు. ఏ రోజు ఖాళీగా మిగిలితే ఆ రోజు నేను వచ్చి ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య