బండి సంగతులు: ట్రాక్ ఎక్కే తొలి బండి

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా బెంగళూరు నుంచే వచ్చాయి. అన్నిటి సారం ఒకటే: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి ట్రాక్ డేకని (రేసు ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజు) వెళ్లాలి, ఏ బండి కొనాలి, దాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: మావాడికి 22 ఏళ్లు. ఆదివారం తెల్లారితే నంది హిల్స్ రోడ్డు మీద రేసులాడుతున్నాడని తెలిసి, ఆ వేగమేదో ట్రాక్ మీద చూపించుకోమని నేనే చెప్పాను. దాంతో కేటీఎం ఆర్‌సీ 390 కొనిపెట్టమంటున్నాడు. ట్రాక్‌కి చిన్న బండి పనికిరాదట. నిజమేనా?
– ఒక తండ్రి, కె.ఆర్.పురం

జవాబు: రోడ్డు మీంచి ట్రాక్‌కి మళ్లించారు, మంచి పని చేశారు. బండి విషయంలో మాత్రం మీవాడి లెక్క తిరగబడింది.

యమహా ఆర్15 వీ4 తీసుకోండి. 155 సీసీ, 18.4 పీఎస్ (ఇంజను శక్తి), పెట్రోలుతో కలిపి 142 కిలోలు. ఆర్‌సీ 390 అయితే 373 సీసీ, 43.5 పీఎస్, 172 కిలోలు. రైడరు, అతని లెదర్ సూటు, హెల్మెట్ కలిపి 80 కిలోలనుకుందాం. స్ట్రెయిట్ (ట్రాక్‌లో మలుపుల్లేని తిన్నని భాగం) చివర ఆర్15 గంటకు 130 మీద, 390 బండి 160 మీద ఉన్నాయనుకుందాం. రెంటినీ ఆపాలంటే 390 బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 70 శాతం ఎక్కువ, ఎందుకంటే శక్తి వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బ్రేక్ ఎక్కడ పట్టాలో ఇంకా తెలియని కుర్రాడికి ఆ తేడా చిన్నది కాదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. పెద్ద ఇంజను తప్పుల్ని దాచేస్తుంది. మలుపులో భయపడి 10 కిలోమీటర్ల వేగం వదిలేసినా 390 మీద యాక్సిలరేటర్ తిప్పగానే తిరిగొచ్చేస్తుంది, తప్పు చేసినట్టే తెలియదు. ఆర్15 మీద పోయిన వేగం పోయినట్టే. తర్వాతి స్ట్రెయిట్ పొడుగునా పక్కవాళ్లు దాటిపోతూ ఆ సంగతి గుర్తుచేస్తారు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోగలిగే బండి మీదే లైను (మలుపులో బండి పట్టే దారి), బ్రేకింగ్, ఒంటి కదలిక ఒంటబడతాయి. జాతీయ చాంపియన్‌షిప్‌లో కొత్తవాళ్లకి 165 సీసీ నోవిస్ క్లాసు పెట్టింది ఊరికే కాదు.

మా ఓటు సెకండ్ హ్యాండ్ ఆర్15కి. అది మరీ చప్పగా ఉందంటే కేటీఎం ఆర్‌సీ 200 (25 పీఎస్) లేదా సుజుకీ జిక్సర్ ఎస్‌ఎఫ్ 250 (26.5 పీఎస్, 161 కిలోలు). ఆ పైకి ఇప్పుడే వద్దు. చేతిలో ఉన్న డబ్బులో సగానికి మించి బండికి పెట్టకండి. మిగతా సగం లెదర్ సూటు, బూట్లు, చేతి మణికట్టు దాటే గ్లవ్స్, వెన్ను ప్రొటెక్టర్, ఒక రైడింగ్ స్కూలు ఫీజు తినేస్తాయి. రెండు ముక్కల సూటైతే నడుం చుట్టూ పూర్తిగా జిప్పు పడాలి. సగం జిప్పు ఉన్నదాన్ని చాలా ట్రాక్‌ల దగ్గర వెనక్కి పంపుతారు.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఆర్15 సీటు 815 మిల్లీమీటర్లట, కాళ్లు నేలకి ఆనవు. నేను ట్రాక్ ఆశ వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: వదులుకోకండి. ట్రాక్ మీద కాళ్లు నేలకి ఆనే సందర్భం పిట్ లేన్‌లో (ట్రాక్ పక్కన బళ్లు ఆగే దారి) మాత్రమే వస్తుంది. సీటు అంచుకి జరిగి ఒక కాలి మునివేళ్లు ఆనితే చాలు. వెనక షాక్ లింకు మార్చి బండి కిందకి దించడం మాత్రం చేయకండి. మలుపులో వంగినప్పుడు ఫుట్‌పెగ్ (కాలు పెట్టే కడ్డీ) ముందే నేలకి గీసుకుంటుంది.

ప్రశ్న: ఓఎల్‌ఎక్స్‌లో ఆర్15 వీ3 ఒకటి చూశాం. పైకి కొత్తదానిలా ఉంది, రేటు కూడా అందుబాటులో ఉంది. చూడటానికి వెళ్తే ఏమేం పరీక్షించాలి?
– ఇద్దరు స్నేహితులు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) కొత్తగా మెరుస్తుంటే సంతోషించకండి, అనుమానించండి. పడ్డ బండికి మొదట మార్చేది అదే.

హ్యాండిల్ ఒక పక్కకి చివరిదాకా తిప్పండి. అది వెళ్లి తగిలి ఆగే ఇనుప బుడిపె ఛాసిస్ మీద, హెడ్ (హ్యాండిల్ తిరిగే గొట్టం) కింద ఉంటుంది. అది నొక్కుకుపోయినా, విరిగినా, అక్కడ పెయింట్ వేరే రంగులో ఉన్నా ఆ బండి గట్టిగా పడిందని అర్థం. తర్వాత ముందు చక్రం లేపించి హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా అటూ ఇటూ కదపండి. సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడి ఆగినట్టనిపిస్తే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. అది మార్చుకోవచ్చు, రేటు తగ్గించమనండి. బుడిపె విరిగితే మాత్రం బేరం కూడా వద్దు.

ఫోర్కు పైపులు (ముందు చక్రాన్ని పట్టి ఉంచేవి) తడి గుడ్డతో తుడిచి, బండి మీద కూర్చుని నాలుగైదుసార్లు గట్టిగా నొక్కండి. పైపు మీద నూనె వలయం పడితే సీళ్లు పోయాయి. ఆ నూనె కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదకి నొక్కే భాగం) దాకా కారి ఉంటే బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చాల్సిందే, ఎంత కడిగినా పట్టు తిరిగి రాదు. డిస్క్ మీద కనీస మందం ముద్రించి ఉంటుంది, వెర్నియర్ కాలిపర్ అనే కొలత పరికరంతో కొలవండి. టైరు పక్కన నాలుగంకెల కోడు చూడండి: 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. టైరు గాళ్లు ఎంత లోతుగా ఉన్నా ఐదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, ట్రాక్‌కి వద్దు. ఛాసిస్ నంబరు ఆర్‌సీ కాగితంతో సరిపోల్చడం మర్చిపోకండి. ట్రాక్‌కే వాడినా బండి మీ పేరుకి మారాల్సిందే. ఏపీ, తెలంగాణ నంబరు బండైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, ఇక్కడి రోడ్ ట్యాక్సు కూడా లెక్కలో వేసుకోండి. లేదంటే చవగ్గా దొరికింది కాస్తా ఖరీదైపోతుంది.

కొన్నాక ఒక బ్రేక్ లీవరు, ఒక క్లచ్ లీవరు, ఒక గేర్ పెడలు, ఒక ఫుట్‌పెగ్ స్పేర్‌గా కొని బ్యాగులో పడేయండి. చిన్నగా జారి పడ్డా రోజంతా పాడయ్యేది వీటివల్లే. లీవర్ల క్లాంపుల్ని బండరాయిలా బిగించకండి. పడ్డప్పుడు లీవరు కొద్దిగా తిరిగితే విరగదు.

ప్రశ్న: రెండో సెషన్ దాకా బ్రేకులు బాగుంటాయి. మూడో సెషన్‌లో లీవరు స్పాంజిలా మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తుంది. ప్యాడ్లు కొత్తవే. ఇంటికొచ్చాక మళ్లీ మామూలే!
– ఒక పాఠకుడు, బొమ్మనహళ్లి

జవాబు: తప్పు ప్యాడ్లది కాదు, బ్రేక్ ఆయిల్‌ది. అది గాల్లో తేమని పీలుస్తుంది. కొత్త డాట్ 4 రకం ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకి పడిపోతుంది. కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. లీవరు నొక్కితే ఆయిల్‌కి బదులు బుడగలు నలుగుతాయి. చల్లారాక బుడగలు మాయం, అందుకే ఇంటికొచ్చాక తప్పేమీ కనిపించదు.

డాట్ 5.1 వేయండి (260, తేమ పట్టాక 180). పేరు చూసి డాట్ 5 కొనకండి, అది సిలికాన్ రకం, మీ బండికి పడదు. సీల్డు డబ్బా 250 మిల్లీలీటర్లు ముందు బ్రేకుకి చాలు. పాత ఆయిల్‌ని పై డబ్బాలోంచి సిరంజితో లాగేసి కొత్తది నింపండి. కాలిపర్ నిపిల్‌కి (ఆయిల్ వదిలే చిన్న మర) పారదర్శకమైన గొట్టం తొడిగి, చివర సీసాలో ముంచండి. లీవరు నొక్కి పట్టి, నిపిల్‌ని పావు చుట్టు వదులు చేయండి, ఆయిల్ కారుతుంది. ముందు నిపిల్ బిగించి ఆ తర్వాతే లీవరు వదలాలి. వరస తప్పితే గాలి లోపలికి పోతుంది. టీ రంగు పోయి స్వచ్ఛమైన ఆయిల్ వచ్చేదాకా చేయాలి. మధ్యలో పై డబ్బా ఖాళీ అయిందా, మొదటికొచ్చినట్టే. రాత్రంతా లీవరుని రబ్బరు బ్యాండుతో బిగించి ఉంచితే మిగిలిన సన్న బుడగలు పైకి చేరతాయి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, తుడుస్తూ కూర్చుంటే రంగు ఊడొస్తుంది.

ఇంకో మాట, అడగకపోయినా. చెన్నై ఎండలో టైర్ల గాలి కూడా ఇలాగే మోసం చేస్తుంది. గాలి పొద్దున్నే నీడలో, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. మధ్యాహ్నం సెషన్‌కి ప్రెషర్ పెరిగిందని కొంత వదిలేశారా, మర్నాడు పొద్దున మళ్లీ నింపకుండా ట్రాక్ ఎక్కకండి. చల్లారేసరికి అది మీరనుకున్నదానికంటే బాగా తక్కువ ఉంటుంది, మొదటి మలుపులోనే బండి ఊగుతుంది.

ప్రశ్న: బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ట్రాక్ మీద పడితే క్లెయిము వస్తుందా? బెంగళూరు నుంచి బండి మీదే వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: రాదు. మామూలు మోటారు పాలసీలు రేసింగ్, వేగ పరీక్షల్ని మినహాయిస్తాయి. మీ ఒంటికి వైద్య బీమా ఉంటే అందులోనూ మినహాయింపుల పేజీ చదవండి.

హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా సుమారు 300 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు బండి మీద వెళ్లొచ్చు, మీకు ఓపికుంటే. సమస్యల్లా తిరుగు ప్రయాణమే. ఫుట్‌పెగ్ విరిగితే హైవే ఎక్కలేరు, విరగకపోయినా రోజంతా ఎండలో తిప్పాక చేతుల్లో పట్టుండదు. నలుగురు కలిసి ఒక టెంపో మాట్లాడుకోండి, హుక్కులున్న బెల్టులు బండికి నాలుగు తీసుకెళ్లండి. ఫోర్కు సగం కన్నా ఎక్కువ కుంగేలా బిగించకండి, సీళ్లు పోతాయి.