జీతం పెంచినా మానేస్తానంటున్నాడు, ఇంకేం కావాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సంతనూతలపాడు మండలం. పొగాకు వ్యవసాయం. మా అబ్బాయికి 24 ఏళ్లు, మెకానికల్ డిప్లొమా చేశాడు. మూడేళ్లుగా చీమకుర్తి దగ్గర మా బంధువుల గ్రానైట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తున్నాడు. మానేస్తానంటే ఓనరు జీతం 18 వేల నుంచి 22 వేలు చేశారు. రెండు నెలలు ఊరుకుని మళ్లీ అదే పాట. బెంగళూరులో ఏదో సీఎన్‌సీ షాపులో, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్ల మీద లోహపు ముక్కలు తయారుచేసే చోట, 17 వేలకు చేరతాడట. ఇంటి తిండి, నెల తిరిగేసరికి జీతం, అయినవాళ్ల దగ్గర పని. ఇంకేం కావాల వాడికి? గట్టిగా అడిగితే ‘నేను చాక్‌పీసుతో గుర్తు పెట్టిన రాతి పలకను తుడిచేసి లోడు ఎక్కిస్తారు నాన్నా’ అంటాడు. అదీ ఒక కారణమేనా? మీరన్నా నచ్చజెప్పండి.

జవాబు: అయ్యా, మీరు చివర్లో తేలిగ్గా తీసేసిన ఆ చాక్‌పీసు మాటే నాకు అసలు సంగతిగా కనబడుతోంది.

మీవాడి పని ఎలాంటిదో ఒకసారి చూడండి. గెలాక్సీ రాయి, అంటే మీ చీమకుర్తి నల్ల గ్రానైట్, పాలిష్ అయి వచ్చాక నల్లగా అద్దంలా మెరుస్తుంది. అందులో వెంట్రుకంత పగులు ఉంటే ఎదురుగా నిలబడి చూస్తే దొరకదు. పలక తడి ఆరాలి, లైటు పక్కనుంచి పడాలి, మనిషి వంగి వాలుగా చూడాలి. బంగారు చుక్కల మధ్య ఆ సన్నటి గీతను పట్టుకునే చూపు ఏ డిప్లొమాలోనూ నేర్పరు, నిలబడి నిలబడి నేర్చుకోవాల్సిందే. మీవాడు నేర్చుకున్నాడు. పగులు దొరికిన చోట గీత పెడతాడు. కంటెయినర్‌కు టైమైందని ఇంకెవరో తడిగుడ్డతో ఆ గీత తుడిచేస్తారు. ఎందుకు తుడిచారో చెప్పేవాళ్లు లేరు. దీనికి నాలుగు వేలు పెంచడం మందు కాదు. అందుకే ఆ పెంపు రెండు నెలలే పనిచేసింది.

‘ఇంకేం కావాలి’ అన్న మీ ప్రశ్న చిన్నది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి అడిగారు: ఉద్యోగంలో మీకు బాగా సంతోషంగా అనిపించిన సందర్భం చెప్పండి, బాగా విసుగెత్తిన సందర్భం చెప్పండి అని. 1959లో ఫలితాలు ప్రచురించారు. విసుగు కథల్లో ఎక్కువగా వినిపించినవి కంపెనీ పద్ధతులు, పైవాళ్ల అజమాయిషీ, జీతం, పని వాతావరణం. సంతోషం కథల్లో వినిపించినవి వేరు: పని సాధించడం, దానికి గుర్తింపు, పనిలోనే ఉన్న ఆసక్తి, బాధ్యత. అంటే జీతం సరిపోకపోతే మనిషి గొణుగుతాడు, సరిపోతే గొణుగుడు తగ్గుతుంది. అంతమాత్రాన పొద్దున్నే ఉత్సాహంగా బండి తీస్తాడని కాదు. ఈ సిద్ధాంతానికి విమర్శలూ ఉన్నాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే ఎదుటివాళ్ల తప్పు అని చెప్పుకోవడం మనుషుల అలవాటు కాబట్టి జవాబులు అలా విడిపోయాయన్నారు. ఆ విమర్శలో బలం ఉంది. అయినా మీ ఇంటి విషయంలో హెర్జ్‌బర్గ్ చెప్పిన తేడా అచ్చంగా కనిపిస్తోంది.

ఇక మీ సంగతి. పొగాకు వేలంలో రేటు పడిపోయి, బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) కట్టెల బాకీ కూడా తీరని ఏడాది ఎలా ఉంటుందో తెలిసిన ఇల్లు మీది. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం విలువ మీకు తెలిసినట్టు మీవాడికి తెలియదు. మీ కష్టం వల్లే వాడికి తెలియాల్సిన అవసరం రాలేదు. అబ్రహాం మాస్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1943లో మనిషి అవసరాలను ఒక వరసలో పెట్టాడు: ఆకలి వంటి శరీర అవసరాలు, భద్రత, నావాళ్లన్న ఆప్యాయత, గౌరవం, చివరికి తనలోని సత్తా పూర్తిగా బయటపడటం. కింది అవసరం చాలావరకు తీరాక పైది ముందుకొస్తుందన్నాడు. నూటికి నూరు పాళ్లూ తీరాలని అనలేదు, అందరికీ ఇదే వరస అనీ అనలేదు. గౌరవం అన్నచోట ఆయన రెండు చెప్పాడు. ఒకటి, నాకు పని వచ్చు అన్న ధీమా. రెండోది, ఆ సంగతి నలుగురూ ఒప్పుకోవడం. తడిగుడ్డ ఒక్కసారి తిరిగితే ఆ రెండూ పోతున్నాయి. మీరు భద్రత గురించి మాట్లాడుతున్నారు, వాడు గౌరవం గురించి మాట్లాడుతున్నాడు. ఇద్దరిదీ న్యాయమే. వాడికి పొగరు అనుకోకండి.

అయితే బెంగళూరే ఎందుకు? డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త, కొందరిలో ఏదైనా సాధించాలన్న తపన మిగతా అవసరాల కంటే గట్టిగా ఉంటుందని చెప్పాడు. అలాంటివాళ్లకు చేసిన పని తప్పో ఒప్పో వెంటనే తెలియాలి. ఈయన సిద్ధాంతానికి మన రాష్ట్రంతోనూ సంబంధం ఉంది. 1960లలో కాకినాడ చిన్న వ్యాపారులకు ఈ తపన పెంచే శిక్షణ ఇప్పించి, తర్వాత వాళ్ల వ్యాపారాలు ఎలా నడిచాయో గమనించారు. శిక్షణ తీసుకున్నవాళ్లలో కొత్త పనులు మొదలుపెట్టే చొరవ పెరిగిందని తేల్చారు. మీవాడి విషయానికొస్తే, సీఎన్‌సీ షాపులో మిషన్ నుంచి దిగిన ముక్కను మైక్రోమీటరుతో కొలిస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. ఆ కొలతను తడిగుడ్డతో తుడిచెయ్యలేరు. వాడిని లాగుతున్నది అదేనేమో అడగండి.

అడగడం కూడా ఎలాగంటే, ‘ఎందుకు మానేస్తావు’ అని వద్దు. హెర్జ్‌బర్గ్ అడిగినట్టే అడగండి. ‘ఈ ఏడాది ఏ రోజు ఒళ్లు అలిసినా మనసుకు బాగనిపించింది?’ అని అడిగి, వాడు చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి. ఒక్క రోజు కూడా గుర్తు రాలేదంటే అది ఆలోచించాల్సిన విషయమే.

తర్వాత మీరూ వాడూ కలిసి ఓనరు దగ్గరికి వెళ్లండి. జీతం ఊసెత్తకండి. ఒక్క పాలిషింగ్ లైను వరకైనా, వీడు గుర్తు పెట్టిన పలక వీడి సంతకం లేకుండా లోడు ఎక్కకూడదని అడగండి. ఒక్కోసారి పగులు పక్కన కోసి చిన్న సైజుకి పంపొచ్చు, కొనేవాళ్లు రెండో రకంగా తీసుకోవచ్చు. వ్యాపారంలో అవి మామూలే. అలాంటప్పుడు కారణం వీడికి చెప్తే చాలు. చెప్తే వీడికి గ్రేడింగ్‌తో పాటు వ్యాపారమూ అర్థమవుతుంది. దీనికి మూడు నెలలు టైమివ్వండి. ఓనరు మొదటిరోజే కుదరదంటే మాత్రం బంధుత్వం కోసం వాడిని అక్కడే ఉంచొద్దు, వెళ్లనివ్వండి.

బాబుకి కూడా ఒక మాట. బెంగళూరులో చేరేముందు ప్రోగ్రామింగ్, సెట్టింగ్ ఎప్పటినుంచి నేర్పుతారో స్పష్టంగా అడుగు. చాలా చోట్ల కొత్తవాళ్లను నెలల తరబడి ముక్క పెట్టడానికి, తియ్యడానికే వాడుకుంటారు. 17 వేలల్లో గది అద్దె, తిండి పోను ఎంత మిగులుతుందో కాగితం మీద రాసి నాన్నకు చూపించు. చదవాలని ఉంటే డిప్లొమా మీద ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉంది, అదీ ఆలోచించు.

ఏది తేల్చుకున్నా, చేతికి ఆఫర్ లెటర్ రాకుండా ఇక్కడ రాజీనామా ఇవ్వొద్దు. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ రెండూ తీసుకో. పీఎఫ్ కడుతున్నారో లేదో ఇప్పుడే చూసుకుని, కడుతుంటే కొత్తచోట అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇవ్వు. అయినవాళ్లు కదా అని కాగితాలు అడగడానికి మొహమాటపడకు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఉత్త ‘సూపర్‌వైజర్’ అని కాకుండా, పాలిష్ అయిన పలకల క్వాలిటీ తనిఖీ మూడేళ్లు చేశావని రాయించుకో.