రోజంతా మైదానంలో, గాల్లో ఇరవై నిమిషాలే: గ్లైడర్ క్లబ్బు మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. పైలట్ కావాలని పట్టుదల. ఆరు నెలలుగా శని, ఆదివారాలు గ్లైడర్ క్లబ్బుకు వెళ్తోంది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే రావడం. ఎంతసేపు ఎగిరావని అడిగితే మూడుసార్లు కలిపి ఇరవై నిమిషాలంటుంది. మిగతా రోజంతా గ్లైడర్లు తోయడం, రెక్కలు పట్టుకోవడమేనట. ఇంజిన్ లేని విమానం నేర్చుకుంటే పైలట్ ఉద్యోగానికి పనికొస్తుందా? మాన్పించి ఫిజిక్స్, మ్యాథ్స్ చదివించమంటారా?

జవాబు: మాన్పించకండి. కానీ లైసెన్సుకు కావాల్సిన గంటలు ఇక్కడ పోగవుతాయని పంపుతుంటే మాత్రం ఆ లెక్క మానుకోండి.

ముందు ఆ సంగతే తేల్చుకుందాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాల ప్రకారం విమానానికి కమర్షియల్ లైసెన్సు రావాలంటే 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి. ఆమోదం పొందిన కోర్సులో చేరితే 150 గంటలు. గ్లైడర్‌లో ఎగిరిన సమయాన్ని అందులో ఎంత కలుపుకోవాలన్నది ఆయా దేశాల నియంత్రణ సంస్థ ఇష్టం. యూరప్‌లో ప్రైవేటు పైలట్ లైసెన్సుకైతే, గ్లైడర్‌కు తనే కెప్టెన్‌గా ఎగిరిన సమయంలో పదో వంతు ఇస్తారు, అదీ 10 గంటలకు మించకుండా. మీ అమ్మాయి ఏ దేశంలో లైసెన్సు తీసుకోబోతుందో అక్కడి నిబంధన ఇప్పుడే చదివి పెట్టుకోండి. గ్లైడర్ లైసెన్సు సంగతి వేరు. ఐకావో కనీస ప్రమాణం 16 ఏళ్లు, 6 గంటలు. అందులో 2 గంటలు ఒంటరిగా ఎగరాలి, ఆ సోలోలో 20 సార్లు ఎక్కి దిగాలి. చాలా దేశాలు ఇంతకన్నా ఎక్కువే అడుగుతాయి.

ఇక మీరు దండగ అనుకుంటున్న ఆ మిగతా రోజు గురించి చెప్పాలి. అసలు చదువు అక్కడే ఉంది.

పొద్దున హ్యాంగర్ తలుపులు తీయగానే మొదటి పని డైలీ ఇన్‌స్పెక్షన్. రెక్కల్ని బాడీకి బిగించే పిన్నులు, తోక బోల్టు, టైరులో గాలి, కేబుల్ తగిలించే హుక్కు, అన్నీ చేత్తో తాకి చూడాలి. తర్వాత ఒకరు కాక్‌పిట్‌లో గ్లైడర్‌ను నడిపే స్టిక్ పట్టుకుంటారు, ఇంకొకరు రెక్క చివర కదిలే పలకను, అంటే ఎయిలరాన్‌ను అరచేతుల మధ్య గట్టిగా ఆపుతారు. లోపలివాళ్లు స్టిక్ కదపబోతే స్టిక్ కదలకూడదు. కదిలిందంటే లోపల ఎక్కడో కనెక్షన్ సరిగా కూర్చోలేదన్నమాట. విడదీసి మళ్లీ బిగించిన గ్లైడర్‌లో ప్రాణం తీసే తప్పు ఇదే. పైకి చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, చేత్తో పట్టి చూస్తేనే బయటపడుతుంది. పెద్ద విమానంలో చెక్‌లిస్టు నోటితో గబగబా చదివేసే అలవాటు రాకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి బడి లేదు.

లాంచ్ పాయింట్‌లో రెక్క పట్టుకోవడం కూలిపని కాదు. రెక్క ఎత్తే మనిషి ముందు చూసేవి కొన్ని ఉన్నాయి. కానోపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దం మూత గడియ పడిందా, గ్లైడర్ కిందికి దిగడానికి రెక్కల మీద తెరిచే ఎయిర్‌బ్రేకులు మూసి లాక్ చేశారా, దిగడానికి వస్తున్న గ్లైడరేదైనా ఉందా, తోక కింద తగిలించిన టెయిల్ డాలీ తీశారా. నేల మీద గ్లైడర్‌ను తిప్పడానికి వాడే చక్రం అది. మరిచిపోయి అలాగే ఎగిరితే తోక బరువెక్కి, బ్యాలెన్సు వెనక్కి జరిగి, ముక్కు అదుపులో ఉండదు. ఏ తేడా కనిపించినా ‘స్టాప్’ అని అరవాలి. ఎవరైనా అరవొచ్చు, లాంచ్ ఆగి తీరాలి. లోపల కూర్చున్నది పాతికేళ్ల అనుభవం ఉన్న పైలటైనా సరే, పదహారేళ్ల పిల్ల అరిస్తే ఆగాల్సిందే, ఆ తర్వాత ఎవరూ కోప్పడకూడదు. పెద్దవాళ్ల ఎదుట నోరు విప్పి తప్పు చెప్పడం మన పిల్లల్లో చాలామందికి కష్టం. విమానయాన సంస్థలు కో-పైలట్లకు ప్రత్యేక శిక్షణ పెట్టి నేర్పించేది సరిగ్గా దీన్నే. ఆమె ఎప్పుడైనా ‘స్టాప్’ అందేమో అడగండి. అని ఉంటే, ఆ రోజు ఎగరకపోయినా దండగ కాలేదు.

ఇప్పుడు ఆ ఆరేడు నిమిషాల ఫ్లైటు. వించ్ అంటే నేల మీద ఉండే పెద్ద ఇంజిన్, డ్రమ్ము. దాదాపు కిలోమీటరు పొడవున్న కేబుల్‌ను చుట్టుకుంటూ గ్లైడర్‌ను లాగుతుంది. నిమిషం లోపే 300 నుంచి 400 మీటర్ల ఎత్తు. కేబుల్ చివర వీక్ లింక్ అని ఒక లోహపు ముక్క ఉంటుంది. లాగుడు హద్దు మీరితే గ్లైడర్ విరగకముందే అది తెగిపోవాలి. ఏ గ్లైడర్‌కు ఏది వాడాలో రంగును బట్టి తెలుస్తుంది.

కేబుల్ మధ్యలో తెగితే ఏం చేయాలో ఒంటికి పట్టేదాకా నేర్పిస్తారు. ఆ క్షణంలో ముక్కు నిట్టగా పైకి ఉంటుంది, వేగం పడిపోతూ ఉంటుంది. వెంటనే ముక్కు దించాలి. దించాక వేగం చూపే ముల్లు దిగే వేగానికి వచ్చేదాకా ఆగాలి. తెగిన ముక్కేదైనా వేలాడుతుందేమోనని, కేబుల్‌ను వదిలించే రిలీజ్ నాబ్ లాగాలి. ఆ తర్వాతే ఎదురుగా దిగడమా, చిన్న చుట్టు తిరిగి దిగడమా అన్న నిర్ణయం. కొత్తవాళ్లు తప్పు చేసేది ఆ మధ్య ఆగాల్సిన చోటే. ముక్కు దిగింది కదా అని వేగం రాకముందే మలుపు తిప్పుతారు, లేదా ఎయిర్‌బ్రేకులు తెరుస్తారు. గ్లైడర్ స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు ఇక దాన్ని మోయలేవు. సరిచేసుకునేంత ఎత్తు ఉండదు.

విమానం వెనక తాడు కట్టుకుని ఎక్కే ఏరోటోలో గట్టిగా గుర్తుండాల్సినవి రెండు సైగలు. ముందున్న విమానం రెక్కలు ఊపితే వెంటనే తాడు వదిలేయమని. తోక మీది నిలువు పలక రడ్డర్ మాత్రమే అటూ ఇటూ ఆడిస్తే, నీ ఎయిర్‌బ్రేకులు తెరుచుకున్నాయేమో చూసుకో అని. రెండోదాన్ని మొదటిదనుకుని తక్కువ ఎత్తులో తాడు వదిలేస్తే, తెరిచిన బ్రేకులతో నేల వైపు జారడమే.

గాలి ఎటు నుంచి తగులుతుందో చూపడానికి కానోపీ మీద అంటించిన చిన్న ఊలు దారం కూడా గురువే. గ్లైడర్ రెక్కలు పొడవు. రెండు సీట్ల శిక్షణ గ్లైడర్ ఏఎస్‌కే 21కే 17 మీటర్లు. స్టిక్ ఒక్కటే పక్కకు తోస్తే ముక్కు ముందు ఎదురు దిక్కుకు జరుగుతుంది, దారం పక్కకు వాలుతుంది. కాళ్లతో రడ్డర్ సరిగ్గా కలిపితేనే నిటారుగా నిలుస్తుంది. శిక్షణ విమానాల్లో ఈ తప్పు ఇంత స్పష్టంగా కనిపించదు, అందుకే అక్కడ కాళ్లు బద్ధకిస్తాయి.

1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు 41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. కిలోలకూ పౌండ్లకూ మధ్య పొరపాటు. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడింగ్ అలవాటుంది. గిమ్లీలోని పాత ఎయిర్‌బేస్ దగ్గరికి వచ్చేసరికి ఎత్తు ఎక్కువైతే సైడ్‌స్లిప్ చేశాడు. అంటే స్టిక్ ఒకవైపు, రడ్డర్ దానికి ఎదురువైపు పెట్టి విమానాన్ని అడ్డంగా జార్చడం. వేగం పెరగకుండా ఎత్తు తగ్గుతుంది. లోపలున్న 69 మందీ బతికారు. దీన్ని చూపించి ఉద్యోగం ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు, ఆ మాట నిజం. కానీ మీ అమ్మాయి అదే సైడ్‌స్లిప్‌ను సోలోకు ముందో తర్వాతో నేర్చుకుంటుంది.

ఇక చదువు విషయం. రెండు రోజులూ అక్కర్లేదు, వారానికి ఒక్క పూర్తి రోజు పంపండి. అయితే వరసగా పంపండి. నెలలో ఒకసారి వెళ్తే పోయినసారి వచ్చింది మళ్లీ నేర్చుకోవడంతోనే సరిపోతుంది. పరీక్షల ముందు ఆరు వారాలు ఆపేసినా ఫర్వాలేదు, తిరిగి వెళ్లిన రోజు ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ ఫ్లైట్ అడగమనండి. ఇంటికొచ్చాక ఎన్ని నిమిషాలని అడగొద్దు. లాగ్‌బుక్ తెరిపించి ఇన్‌స్ట్రక్టర్ ఏం రాశారో చదవండి. ఒకే లోపం మూడు నాలుగు వారాలుగా కనిపిస్తుంటే, దాన్ని ఎలా సరిచేస్తున్నారో ఆమె మాటల్లో చెప్పించుకోండి. చెప్పలేకపోతే, ఇన్‌స్ట్రక్టర్‌తో మీరే మాట్లాడండి.

ఒక పని మాత్రం వాయిదా వేయకండి. పెద్ద కోర్సుకు డబ్బు కట్టకముందే కమర్షియల్ పైలట్లకు తప్పనిసరైన వైద్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్ చేయించండి. రంగులు గుర్తించడంలో లోపం ఉంటే చాలామందికి ఆలస్యంగా, ఫీజు కట్టాక తెలుస్తుంది.

మెడికల్ దగ్గర ఆగిపోయినా క్లబ్బులో గడిపిన రోజులు మరో దారి చూపించవచ్చు. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన మొట్టమొదటి గ్లైడర్ ఫీనిక్స్ 1957లో ఎగిరింది. దాన్ని తయారు చేసింది జర్మనీలో స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ విద్యార్థుల గ్లైడింగ్ బృందం. క్లబ్బు వర్క్‌షాపులో రెజిన్ జిగురు కలిపి, పగులు మీద పొరలు పరిచే పని ఆమెకు నచ్చిందేమో చూడండి. దూదికుప్పలాంటి క్యుములస్ మేఘం కింద థర్మల్, అంటే పైకి లేచే వేడిగాలి ఎక్కడ లేస్తుందో ఊహించడంలో ఆనందం ఉంటే వాతావరణ శాస్త్రం ఉంది. రెండింటికీ కావాల్సింది మీరు చెప్పిన ఆ ఫిజిక్స్, మ్యాథ్సే.