ఎనిమిదేళ్లు షెడ్డులో ఉన్న అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలంటే: ముందు బ్రేకులు, తర్వాతే ఇంజన్

మీరు అడిగింది ఇది: నాన్నగారు పోయాక ఆయన 1988 మార్క్ 4 అంబాసిడర్, పెట్రోల్ బండి, తణుకు దగ్గర మీ ఊళ్లో ఎనిమిదేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది. మెకానిక్ ఒకాయన వచ్చి చూసి "ఈ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ కూర్చోబెడదాం, లేదంటే తుక్కుకి ఇచ్చెయ్యండి" అన్నాడు. ఏం చెయ్యాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండూ వద్దండీ. మా పెదనాన్నగారి మార్క్ 4 ఇప్పుడు నా దగ్గరే ఉంది, నేనూ దాన్ని ఇలాగే షెడ్డులోంచి బయటికి తీశాను, ఇప్పటికీ వారం వారం తిప్పుతున్నాను. ఆ 1489 సీసీ ఇంజన్ చాలా మొండిది, దాన్ని విప్పి మళ్లీ బిగించలేని లేత్ షాపు మన జిల్లాల్లో ఉండదు. డీజిల్ ఇంజన్ వేస్తే బండి ముందు భాగం బరువు మారుతుంది, మౌంటింగులు మార్చాలి, వైబ్రేషన్‌కి బాడీ వెల్డింగులు వదులవుతాయి. పైగా ఆర్‌సీలో ఉన్న ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందే అనుమతి తీసుకోవాలి, తీసుకోకపోతే ఆక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లకి మీరే సాకు అందించినట్టు. పెట్టాల్సిన డబ్బు ఉన్న ఇంజన్ మీద, అంతకంటే ముందు బ్రేకుల మీద పెట్టండి.

బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టి చూద్దాం అని అందరికీ ఆత్రం ఉంటుంది. దయచేసి ఆగండి. ఎనిమిదేళ్లు నిలబడ్డ ఇంజన్ స్టార్ట్ అవ్వకపోతే పోయేదేం లేదు. స్టార్ట్ అయి, ఎవరో సరదాపడి వీధి చివరి దాకా తోలి, అక్కడ పెడల్ నేలకి అంటుకుపోతే పరిస్థితి వేరు. ఈ బండ్లలో నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి ఒకటే సర్క్యూట్. ఇప్పటి కార్లలాగా ఒక లైను పోయినా రెండోది పనిచేసే ఏర్పాటు లేదు. ఎక్కడో ఒక్క రబ్బరు గొట్టం పగిలిందంటే నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేకే.

అందుకే మొదట నాలుగు డ్రమ్ములూ విప్పించండి. ఒక్కో వీల్ సిలిండర్ (డ్రమ్ము లోపల బ్రేకుని తోసే చిన్న సిలిండర్) మీదున్న రబ్బరు తొడుగుని వేలితో పైకెత్తి చూడండి, లోపల తడి కనబడితే లీకు ఉన్నట్టే. మా బండికి వెనక ఎడమ చక్రంలో తొడుగు ఎత్తగానే గోధుమ రంగు జిగురు, దాని కింద పిస్టన్ చుట్టూ తుప్పు గాట్లు కనబడ్డాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరే సిలిండర్‌ని లోపల్నుంచి తినేస్తుంది. గాట్లు పడ్డ సిలిండర్‌కి కొత్త రబ్బరు కిట్ వేసి బిగిస్తే నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. గోరుతో గీస్తే గాటు తగిలిందా, సిలిండర్ మొత్తం మార్చాల్సిందే. మాస్టర్ సిలిండర్‌కీ ఇదే లెక్క. రబ్బరు హోసులు పైకి బాగానే కనబడినా అన్నీ కొత్తవి వేయించండి, లోపల వాచి దారి మూసుకుపోతే బ్రేక్ పట్టాక వదలదు, ఆ చక్రం కాలిపోతుంది. స్టీలు పైపుల్ని కూడా వెనక యాక్సిల్ దాకా చేత్తో తడిమి చూడండి, పొక్కులొచ్చిన చోట నమ్మొద్దు.

ఇంకోటి, బ్రేక్ ఆయిల్ అంటున్నాం కదా అని ఏ ఆయిల్ పడితే అది పోసేవాళ్లున్నారు. మా బండికి ఎవరో ఒక షెడ్డులో ఇంజన్ ఆయిల్ టాపప్ చేశారు, రెండ్రోజుల్లో రబ్బరు కప్పులన్నీ ఉబ్బి చక్రాలు పట్టేశాయి, మొత్తం సిస్టమ్ మళ్లీ విప్పాల్సి వచ్చింది. డాట్ 3 గానీ డాట్ 4 గానీ సీల్ తీయని డబ్బా మీరే కొని తీసుకెళ్లండి. రబ్బరు భాగాల్ని పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడగనివ్వొద్దు, బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఏడాదిన్నర, రెండేళ్లకోసారి పాతదంతా తీసేసి కొత్తది పోయించండి.

ఇప్పుడు ఇంజన్. ట్యాంకులో ఉన్న పాత పెట్రోలు వాసన చూడండి, వార్నిష్ వాసన కొడుతుంది. మొత్తం దించేసి, ట్యాంకే విప్పి లోపల తుప్పు ఎంతుందో లైటు వేసి చూడాలి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ప్లగ్గులు పెట్టకుండానే హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల వైపే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకోవద్దు. ముందు ముందు ప్లగ్గులతో స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది, కాబట్టి మొదటి రోజు నుంచే ఆ అలవాటు చేసుకోండి. తిరగకపోతే బలవంతం చెయ్యకుండా ఇంకో రెండు రోజులు నాననివ్వండి. ఫ్రీగా తిరిగాక పాత ఆయిల్ దించి 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా చూడండి. ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు బిగించి, కరెంటు, పెట్రోలు సంగతి.

డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటుని కలిపి విడదీసే పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మిల్లీమీటర్లు. ప్లగ్గులు 25 థౌ. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. పాయింట్లు నల్లబడి ఉంటే సన్నటి ఎమ్రీ పేపర్‌తో గీకి పెట్రోలు గుడ్డతో తుడిస్తే చాలాసార్లు అక్కడికక్కడే కరెంటు వస్తుంది. కండెన్సర్ (పాయింట్లకి తగిలించి ఉండే చిన్న డబ్బా) విషయంలో మాత్రం ఒక మాట: పాతది పనిచేస్తుంటే మార్చొద్దు, మార్చినా పారెయ్యకుండా డాష్‌బోర్డులో దాచండి. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ.

టాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఉండే సందు) గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఇది తెలియకే మంచి మంచి ఇంజన్ హెడ్డులు పాడవుతున్నాయి. మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఈ ఇంజన్ తయారైంది సీసం ఉన్న రోజుల్లో, అప్పట్లో ఆ సీసమే వాల్వ్ సీట్ల (మూసుకున్నప్పుడు వాల్వ్ ఆనే అంచుల) మీద పొరలా ఉండి కాపాడేది. ఇప్పుడు ఎగ్జాస్ట్ సీట్లు కొద్దికొద్దిగా అరుగుతాయి, వాల్వ్ సీటులోకి ఇంకా పైకి జరుగుతుంది, దాంతో టాపెట్ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. అంటే టక టక శబ్దం వస్తుంటే కంగారేం లేదు, ఆ శబ్దం తగ్గిపోయి బండి మెత్తగా ఉందని సంతోషపడేటప్పుడే అసలు ప్రమాదం. గ్యాప్ లేక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది, తర్వాత ఒక సిలిండర్ మిస్సింగ్ మొదలవుతుంది.

గ్యాప్ చూడటం ఇంట్లోనే చెయ్యొచ్చు. పై కవర్ తీస్తే ఎనిమిది వాల్వులు వరసగా కనబడతాయి. ముందు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోండి. ఎనిమిదోది పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి, ఏడోది నొక్కుకున్నప్పుడు రెండోది, ఆరోది నొక్కుకున్నప్పుడు మూడోది, అలా ఎప్పుడూ రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. ప్లగ్గులు తీసేసి హ్యాండిల్‌తో తిప్పుకుంటూ వెళ్తే ఒక పూట పని. ఫీలర్ గేజ్ 15 థౌ ఆకు పెట్టి లాగితే కొంచెం పట్టి వదిలినట్టు రావాలి, గబుక్కున జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. ప్రతిసారీ ఏ వాల్వ్ ఎంతుందో ఒక పుస్తకంలో రాసుకోండి, ఒకే వాల్వ్ పదే పదే బిగుసుకుంటుంటే దాని సీటు అరుగుతోందని అర్థం. ఎప్పుడైనా హెడ్డు దించాల్సి వస్తే, గట్టి సీట్ ఇన్సర్టులు వేయించెయ్యండి, ఇక ఆ బెంగ ఉండదు.

పెట్రోలులో ఇప్పుడు రెండో సమస్య ఇథనాల్. బంకుల్లో దాదాపు అంతటా ఇరవై శాతం కలిపిన ఈ20యే. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, పెట్రోలు పంపు లోపలి పొరని (డయాఫ్రమ్‌ని) గట్టిపరిచి పగలగొడుతుంది, నీటిని లాక్కుని ట్యాంకు అడుగున చేర్చుతుంది. పెట్రోలు హోసులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించండి, మీటరుకి డబ్బులు ఎక్కువైనా వెనకాడొద్దు, ఎందుకంటే ఆ గొట్టం వెళ్లేది వేడి ఇంజన్ పక్కనుంచి. అలాగే డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగినా, డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు ఆయిల్లోకి దిగుతోందన్నమాట. ఆ బండిని ఇంకొక్క కిలోమీటరు కూడా నడపొద్దు, బేరింగులు పోతాయి.

మే నెల ఎండల్లో ట్రాఫిక్‌లో ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. అందరూ వేపర్ లాక్ (వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై ఆగిపోవడం) అంటారు, పంపు మీద తడిగుడ్డ వేస్తారు. సగంసార్లు అది నిజమే. మిగతా సగంసార్లు వేడెక్కి చచ్చిపోయేది కాయిల్ (ప్లగ్గులకి కరెంటు పెంచి పంపేది) గానీ కండెన్సర్ గానీ. తేడా తెలుసుకోవడం సులువు: ఆగిన వెంటనే ఒక ప్లగ్ తీసి వైరుకి తగిలించి, పెట్రోలు తడికి దూరంగా ఇంజన్ బ్లాకుకి ఆనించి, సెల్ఫ్ కొట్టించండి. నీలం స్పార్క్ గట్టిగా వస్తే పెట్రోలు సమస్య, ఎర్రగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కరెంటు సమస్య. పెట్రోలుదైతే ఆ పైపుని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దూరంగా జరిపించి, మధ్యలో రేకు అడ్డం పెట్టిస్తే చాలావరకు పోతుంది.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, మీ డెల్టా నీళ్లకి గార పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. "మన ఎండలకి ఇదెందుకు" అని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్) పీకేసే మేస్త్రిల మాట వినకండి.

బాడీ దగ్గర ఇంకా జాగ్రత్త. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా చాసిస్ లేదు, బాడీయే దాని ఎముకల గూడు. అందుకే తలుపుల కింద బండి పొడవునా వెళ్లే సిల్ బాక్సులు, ఫ్లోరు, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ కట్టలు బిగించే చోట్లు ముఖ్యం. మ్యాట్లు మొత్తం తీసి స్క్రూడ్రైవర్ వెనక పిడితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి సిల్ మీద ఆనించండి, అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పెయింట్ వేయించడం చివరి పని, టింకరింగ్ పూర్తయ్యాక ప్రైమర్ పడే ముందు మీరే వెళ్లి కళ్లతో చూడండి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి ఉంటే ఈరోజే తీసెయ్యండి, మన గోదావరి జిల్లాల తేమకి అది లోపల చెమట పట్టించి పైకప్పుని కూడా తినేస్తుంది. నూలు గుడ్డ కవరు చాలు. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, మట్టి పేరుకుని ఉంటే పుల్లతో తీసెయ్యండి.

వైరింగ్‌ని ఎలుకలు కొరికి ఉంటాయి, చూడకుండా బ్యాటరీ తగిలించొద్దు. ఈ బండ్లలో ఫ్యూజులు చాలా తక్కువ, షార్ట్ అయితే తీగే కాలుతుంది. బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఒకటి పెట్టించండి, సీటు కింద మంటలార్పే చిన్న సిలిండర్ ఉంచండి. టైర్లు ఎలా కనబడ్డా మార్చెయ్యండి. పక్కన నాలుగు అంకెలుంటాయి, 2314 అంటే 2014లో 23వ వారంలో తయారైంది.

స్పేర్లకి దిగులు పడకండి. అంబాసిడర్లు తయారైన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో మూతపడ్డా, ఈ బండి దశాబ్దాల పాటు టాక్సీలుగా, సర్కారు బండ్లుగా తిరిగింది కాబట్టి సామాను ఇంకా ఉంది. మీకు దగ్గర విజయవాడ ఆటోనగర్. హైదరాబాద్ వెళ్తే రాణిగంజ్, పుత్లీబౌలి. అక్కడ దొరకనివి చెన్నై పుదుపేటలోనో కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో దొరుకుతాయి. పాత ముక్కని చేత పట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి అడిగితే ఇంకో మోడల్‌ది అంటగడతారు. మేస్త్రి కూడా కుర్రాడు కాకుండా, పాయింట్లు సెట్ చేసిన చెయ్యి అయ్యుండాలి. ఊళ్లో పాత టాక్సీ డ్రైవర్లని అడగండి, వాళ్లకి తెలుస్తుంది.

కాగితాల సంగతి. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31, రెన్యువల్‌కి ఫారం 25. రెన్యువల్ అయితే ఐదేళ్లకి ఇస్తారు, దానికి బండిని తనిఖీకి చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్ మీకు వర్తించదు, దానికి మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. ఇన్సూరెన్స్ లేకుండా తనిఖీకి కూడా తోలుకెళ్లొద్దు, టోయింగ్ బండి మీద పంపండి. ఈలోగా సిల్ బాక్సుల ఫొటోలు, వీల్ సిలిండర్ల ఫొటోలు తీసి పెడితే ఏది మార్చాలో ఏది ఉంచాలో చూసి చెప్తాను.