ఆ పాఠం కలిసి చదివారు

అమ్మాయీ,

మండల సమాఖ్య అధ్యక్షురాలివయ్యావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఏం చదవాలో చెప్పమన్నావు కదా, రెండు పుస్తకాలే చెబుతాను. ముందు దూబగుంట సంగతి విను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఊళ్లలో రాత్రి బడులు నడిచాయి. అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ల వాచకంలో, ఊరి సారా కొట్టు మూయించిన సీతమ్మ కథ ఒక పాఠం. దూబగుంట ఆడవాళ్లు అది చదివి, మనమూ మూయించలేమా అనుకున్నారు. మూయించారు. కబురు ఊరూరా పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

అందుకే నువ్వు ఏది చదివినా సంఘంలో పైకి చదువు. ఒక్క పేజీ చాలు. చదివాక "మీకేమనిపించింది?" అని అడిగి ఊరుకో. ఆ నిశ్శబ్దం చాలా టెన్షన్ పెడుతుంది, అయినా ఆగు. మొదట మాట్లాడేది ఎప్పుడూ మాట్లాడేవాళ్లే. వెనక గోడకానుకుని కూర్చున్నావిడ నోరు తెరిచేదాకా తీర్మానం రాయొద్దు.

మొదటి పుస్తకం కందుకూరి వీరేశలింగం గారి స్వీయచరిత్రము. భాష పాతది, మెల్లగా చదువుకో. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన చేయించిన తొలి వితంతు వివాహం అందరికీ తెలిసిందే. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రామంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్లు మోసి, వండిపెట్టారన్నది మాత్రం తక్కువమంది తలుచుకుంటారు. నాకు ఆవిడే పెద్ద నాయకురాలు. నువ్వూ ఏ పనికి దిగినా ఈ లెక్క ముందే వేసుకో. నీ మాట నమ్మి వచ్చినావిడను ఊరు వెలేస్తే మర్నాడు పొయ్యి ఎలా వెలుగుతుంది? కూలికి పిలవకపోతే? అప్పు పుట్టకపోతే? జవాబు దొరక్కుండా ఎవరినీ ముందు నిలబెట్టకు.

రెండోది అంబేడ్కర్ గారి కుల నిర్మూలన. 1936లో లాహోర్‌లో చెయ్యాల్సిన ప్రసంగం అది. పిలిచినవాళ్లే వెనక్కి తగ్గితే సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. మన మీటింగులు ఎవరి ఇంట్లో జరుగుతున్నాయో, ఎవరి ఇంట్లో ఇంతవరకూ జరగలేదో అది చదివాక ఒకసారి చూసుకో.

ఇంకొకటి. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. జీవో చేతికొచ్చాక కూడా నెలనెలా కూర్చోవడం మానొద్దు.

వచ్చే సమావేశం తేదీ రాయి. నేనూ వచ్చి వెనక వరసలో కూర్చుంటాను.

మీ పెద్దమ్మ