బడికే పోలేదనుకున్న తాత పేరు బడి రిజిస్టర్‌లో దొరికిన రోజు

"మీ జీవితాన్ని మలుపు తిప్పిన క్షణం ఏది, అప్పుడు మీరు తీసుకున్న నిర్ణయం ఏమిటి?" అని అడిగారు. మొదటి దానికి నా దగ్గర జవాబు ఉంది. రెండో దానికి లేదు, ఎందుకంటే అక్కడ నేను నిర్ణయించింది ఏమీ లేదు. ఇక్కడ చాలా జవాబులు చదివాను. ఒక పుస్తకం చదివి మారిపోయామని, ఒక ఉపన్యాసం విని ఉద్యోగం మానేశామని రాశారు. నాకు అవి నమ్మబుద్ధి కాదు. మన బతుకు మారే చోట ఎక్కువసార్లు మనం ఉండము, ఇంకెవరో ఉంటారు.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అవతలి ఒడ్డున కాళేశ్వరం, అమ్మ పుట్టిల్లు కూడా అటువైపే. జిల్లా కేంద్రం మాత్రం సుమారు 200 కిలోమీటర్లు, ఆలాపల్లి అడవి మీదుగా పోవాలి. వానాకాలంలో ఆ రోడ్డు మీద బస్సులో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది, ఒక్క సంతకం కోసం అంత దూరం పోవడం అంటే ఏమిటో. ఇంత పెద్ద తాలూకాలో చదువుకునే పిల్లలు ప్రతి కాగితానికీ అంత దూరం ఎందుకు తిరగాలో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

2012లో పన్నెండో తరగతి అయింది. ఫార్మసీ డిగ్రీకి ఓబీసీ కోటాలో సీటు వచ్చే మార్కులే వచ్చాయి. కానీ మహారాష్ట్రలో కులం దాఖలా, అంటే కుల ధ్రువపత్రం, ఒక్కటే ఉంటే చాలదు, దాన్ని కమిటీ పరిశీలించి వ్యాలిడిటీ, అంటే అది సరైనదేనన్న కాగితం, ఇవ్వాలి. ఈ రెండింటికీ పాత ఆధారం అడుగుతారు. ఓబీసీ అయితే 1967 అక్టోబర్ 13కు ముందే మన కుటుంబం ఈ రాష్ట్రంలో ఉందని, కులం అదేనని చూపించే కాగితం కావాలి. ఎస్సీలకు ఆ తేదీ 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6, విముక్త, సంచార జాతుల వాళ్లకు 1961 నవంబర్ 21. అదీ తండ్రి వైపు నుంచే చూపాలి. అమ్మ వాళ్ల కాగితాలన్నీ చక్కగా ఉన్నాయి కానీ అవి నది అవతల, వేరే రాష్ట్రంవి, ఎందుకూ పనికిరావు. మా బాపు, అంటే నాన్న, పుట్టిందే 1968లో. ఆయన టీసీ మీద కులం స్పష్టంగా రాసి ఉన్నా తేదీ దగ్గర ఆగిపోయింది. మేనత్తలు బడికి పోలేదు. తాతకు సొంత భూమి లేదు. ఆయన అప్పటికే పోయారు కూడా, బతికినన్నాళ్లూ వేలిముద్రే వేశారు.

ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గరి మనిషి "మీరు నది దాటి వచ్చినవాళ్లు కాదని నమ్మకం ఏంటి?" అని మా బాపును మరాఠీలో అడిగాడు. బాపు ఏమీ అనలేదు. నాకు ఆ మాట ఇప్పటికీ మంటే. మా ప్రాంతం 1956 దాకా మధ్యప్రదేశ్, ఆ తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. మా జిల్లా చాందా, అదే తర్వాత చంద్రపూర్ అయింది, 1982లో దాన్ని విడదీసి గడ్చిరోలి చేశారు. మా తాత పుట్టిన ఊరు వదలకుండానే మూడు రాష్ట్రాల మనిషి అయ్యాడు. అలాంటివాడి మనవరాలిని పట్టుకుని ఎక్కడి నుంచి వచ్చారంటే ఏం చెప్పాలి?

ఇంట్లో అప్పటికే ఆశ వదిలేశారు. అమ్మ వాళ్ల వైపు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది, సీటు రాకపోతే దసరా తర్వాత పెళ్లి అని మాట నడుస్తోంది. అబ్బాయి మంచివాడే, ఆ మాట కూడా చెప్పాలి. అయినా నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, టెన్షన్‌తో కడుపులో తిప్పేది.

చివరి ప్రయత్నంగా బాపు నన్ను ఊరి బడికి తీసుకెళ్లారు. తాత బడికి పోలేదని తెలిసినా ఎందుకు తీసుకెళ్లారో ఆయనకే తెలియాలి, బహుశా తాత తమ్ముళ్లలో ఎవరి పేరైనా ఉంటుందేమోనని కావచ్చు. అక్కడ పాత రిజిస్టర్ 1970ల నుంచే ఉంది. అంతకు ముందువి చెదలు తిన్నాయని చెప్పి మమ్మల్ని పంపించేశారు. మేము బయటికి వస్తుంటే వరండాలో పింఛను కాగితాల పని మీద వచ్చిన ముసలి గురూజీ (పాత బడిపంతులు) ఒకాయన కూర్చుని ఉన్నారు. మా మాటలు విన్నట్టున్నారు. "చెదలు తినుడు కాదు బిడ్డా, అప్పుడు గీడ బడే లేదు. పిలగాండ్ల పేర్లు పక్కూరి బడిల ఎక్కిచ్చేటోళ్లు. ఆడ అడుగుండ్రి" అన్నారు. మా తాత బడికి పోలేదని బాపు చెబితే, "పోకుంటె పోకపాయె. మాస్తర్లు ఇల్లిల్లు తిరిగి పేర్లు రాసుకునేటోళ్లు" అని ఆయన తన కాగితాలు సంచిలో పెట్టుకుని మాతో పాటు లేచారు. బాపు సైకిల్ నడిపిస్తూ, గురూజీ గొడుగు పట్టుకుని, నేను వెనకాల.

పక్క ఊరిది కేంద్రశాల, అంటే చుట్టుపక్కల బడులకు పెద్ద బడి. అక్కడి పెద్ద బాయి (ప్రధానోపాధ్యాయురాలు) మొదట సణిగారు, గురూజీని చూసి బీరువా తీశారు. అందులో బట్టతో చుట్టిన దాఖల్ ఖారిజ్ రిజిస్టర్లు, బడిలో చేరినవాళ్ల, మానేసినవాళ్ల పేర్లు రాసేవి. అట్టల్లేవు, అంచులు విరిగి పొడి రాలుతున్నాయి. గురూజీ వేలు పెట్టి ఒక్కో వరుస చదువుతూ పోయారు. 1951 పేజీల్లో ఆ వేలు ఆగింది. మా తాత పేరు, ఆయన తండ్రి పేరు, మా ఇంటి పేరు మరాఠీ పద్ధతిలో చివర, కులం, మా ఊరు, జిల్లా చాందా. చివరి గడిలో, ఒకటో తరగతి మధ్యలోనే పేరు కొట్టేశారని, కారణం గైరుహాజరు అని ఉంది.

బాపు ఆ గైరుహాజరు అన్న చోటే చాలాసేపు చూశారు. అరవై ఎనిమిదేళ్లు బతికిన మనిషి తాను బడిలో అడుగుపెట్టానని ఎవరికీ చెప్పలేదు. ఎన్ని రోజులు పోయాడో ఏమో, పశువుల వెంట పంపించేసి ఉంటారు. కానీ ఎవరో మాస్తరు ఆ పిల్లవాడి పేరు, కులం, ఊరు తప్పులేకుండా రాశారు. ఈ పిల్లవాడు ఎలాగూ రాడని వదిలేసి ఉంటే నా కథ అక్కడితో సరి. నా జీవితం మారిన క్షణం ఏదంటే, 1951లో ఆ మాస్తరు కలం పట్టుకున్న క్షణమే అంటాను నేను. గురూజీ వేలు ఆగిన క్షణం దాని తర్వాతిదే.

ఉతారా (ఆ రిజిస్టర్ నకలు) తీసుకున్నాక కూడా పేర్ల తేడాకు ప్రతిజ్ఞాపత్రం (అఫిడవిట్), మళ్లీ గడ్చిరోలి, మళ్లీ ఆ రోడ్డు, అన్నీ అయ్యాయి. వ్యాలిడిటీ వచ్చింది, సీటు వచ్చింది. ఇప్పుడు ఒక గ్రామీణ రుగ్ణాలయంలో, అంటే సర్కారు ఆసుపత్రిలో, ఫార్మసిస్టును. తండ్రి వైపు రక్తసంబంధీకుల వ్యాలిడిటీ ఇంట్లో మిగతావాళ్లకు గట్టి ఆధారం కాబట్టి తమ్ముడికి, చిన్నాన్న పిల్లలకు నా కాగితంతోనే పని జరిగింది. మందుల కౌంటర్ దగ్గర ఎవరైనా పన్నెండో తరగతి పిల్లల తల్లి కనబడితే మొదట ఆ దాఖలా సంగతే అడుగుతాను.

కాబట్టి మా వైపు వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. పిల్లలు పదో తరగతిలో ఉండగానే తాత పేరు వెతకండి, జూన్ రద్దీ దాకా ఆగకండి. ఊరి బడిలో లేకపోతే కేంద్రశాలలో అడగండి, అక్కడా లేకపోతే తహశీల్ రికార్డు గదిలో పాత కోత్వాల్ బుక్కులు ఉంటాయి, పుట్టుకలు, చావులు కులంతో సహా వాటిలో రాసేవాళ్లు. మా తాత బడి మొహం చూడలేదని ఇంట్లోవాళ్లు ఎంత గట్టిగా చెప్పినా సరే, రిజిస్టర్ చూశాకే నమ్మండి.